సర్వి కొమ్మకు లేని తప్పు గునుగు పువ్వుకెందుకు?

మా క్రైస్తవ మిషను గుడి చరిత్రను పుస్తకంగా వేస్తున్నారట. దానికోసం ఒక కమిటీ వేశారు. వాళ్లు ఎల్లారెడ్డిలో ఇల్లిల్లూ తిరిగి, పాతవాళ్లను పాత సంగతులు అడిగి రాసుకుంటున్నారు. నా ఎడమ పక్క ఇంటికి వచ్చారు, కుడి పక్క ఇంటికీ వచ్చారు. కుడి పక్క ఇంటాయన తెల్ల దొరల కాలానికి ఇంకా పుట్టనే లేదు. ఆయన చెప్పింది రెండు పేజీలు రాసుకుని, చాయ తాగి, నా గుమ్మం ముందు నుంచే నడిచిపోయారు. నేను అరుగు మీదే కూర్చుని ఉన్నాను. వాళ్లలో ఒకాయన నన్ను చూసి, చూడనట్టు వంగి చెప్పు సవరించుకున్నాడు.

నన్ను ఎందుకు అడగలేదో నాకు తెలుసు. వాళ్లకూ తెలుసు. నేను చెప్పేది ఒక్కటే సంగతి, అడిగేది ఒక్కటే ప్రశ్న. ఈ గుడికి వచ్చిన ప్రతి పాస్టరు అయ్యగారికీ ఆ ప్రశ్నను కాగితం మీద రాసి చేతికిచ్చాను. ఒకాయన నీ కోసం ప్రార్థన చేస్తానన్నాడు. నా కోసం ప్రార్థన ఎందుకు, నాకేం జ్వరమా? ఒకాయన, పోయినవాళ్ల సంగతి ఇప్పుడెందుకు అన్నాడు. ఒకాయన కాగితాన్ని పాటల పుస్తకంలో పెట్టుకుని, ఆ పుస్తకంతో సహా బదిలీ అయిపోయాడు. జవాబు మాత్రం ఒక్కరూ ఇవ్వలేదు. సరే, వాళ్లు రాయకపోతే నేనే రాస్తాను. నాకు అక్షరాలు నేర్పింది ఈ గుడి బడే. ఆ అక్షరాలతోనే రాస్తున్నాను.

నిజాం సర్కారు రోజులు. రెండో పెద్ద యుద్ధం మొదలు కావడానికి కొన్నేళ్ల ముందు నేను మిషను బండి తోలేవాడిని. కామారెడ్డి స్టేషనులో రైలు దిగే మందుల పెట్టెలు, పుస్తకాల కట్టలు, అప్పుడప్పుడు మనుషులు, అన్నింటినీ ఎడ్లబండి మీద ఎల్లారెడ్డికి చేర్చడం నా పని. మధ్యలో లింగంపేటలో ఎడ్లను విప్పి, మరునాడు మళ్లీ కట్టేవాడిని. ఎల్లారెడ్డిలో మిషను వాళ్ల చిన్న దవాఖాన ఉండేది. దాన్ని చూసుకునే ఇంగ్లీషు ఆమెను దొరసానమ్మ అనేవాళ్లం.

మా అవ్వ కూలిపని చేసేది. అవ్వ అంటే నన్ను కన్న తల్లి. నాట్లు, కలుపు, మక్కజొన్న కోత, ఏ పనికి పిలిస్తే ఆ పనికి పోయేది. మాకు భూమి లేదు. నేను ఇంకా సరిగా నడవలేని వయసులో మా వాడలో సగం ఇండ్లు బాప్తిస్మం తీసుకున్నాయి. ఆ సగంలో మా ఇల్లు ఒకటి. ఆనాడు అవ్వ మూడు వదిలిపెట్టింది. పోచమ్మకు బోనం ఎత్తడం, దండచేతికి కట్టుకున్న తాయెత్తు, బతుకమ్మ. మొదటి రెండూ వదలడం ఆమెకు కష్టమనిపించలేదు. "పోచమ్మకు పెట్టి పెట్టి ఇద్దరు పిల్లల్ని మన్నుల పెట్టిన. ఆమెకు నాకు చెల్లు" అనేది. బతుకమ్మ సంగతి వేరు. వాడ ఆడవాళ్లందరిలో పాట ఎత్తేది అవ్వే. ఆమె ఒక మాట పాడితే మిగతావాళ్లు అందుకునేవారట.

వదిలిన తర్వాత, ఏటా బతుకమ్మ ఆడే తొమ్మిది రోజులూ సాయంత్రం కాగానే వాగు దిక్కు నుంచి చప్పట్లు వినబడేవి. అవ్వ ఇంట్లోకి పోయి విసుర్రాయి ముందు కూర్చునేది. పిండి అవసరం ఉన్నా లేకపోయినా విసిరేది. చప్పట్లు ఆగేదాకా విసిరేది. అన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆమె కాలు వాగు దిక్కు పోలేదు. ఇంకేది రాసినా రాయకపోయినా, కమిటీ వారు ఈ ముక్క మాత్రం రాసుకోవాలి.

మా గుడిలో కోత పండుగ పెద్ద పండుగ. దసరా పోయి, మక్కలు ఇండ్లకు చేరిన తర్వాత ఒక ఆదివారం చేసేవారు. ఎవరి చేనులో పండింది వాళ్లు తెచ్చి గుడిలో ఆరాధన బల్ల ముందు పెట్టేవారు. ఆ ఏడు మా గుడికి కొత్త అయ్యగారు వచ్చాడు. తెలుగాయనే, వేరే తాలూకా మనిషి. ముందు ఆదివారం ప్రసంగంలో ఆయన గట్టిగా చెప్పాడు. "ఒక్కరు కూడ వట్టి చేతులతోని రావద్దు. అంగట్ల కొన్నది తేవద్దు. మీ చేతులతోని తెచ్చిందే దేవునికి కావాలె."

ఇంటికి వస్తూ అవ్వ దారి పొడుగునా అదే మాట.

"మనకు చెల్క లేదు, మడి లేదు. నేనేం తీస్కపోవాల్రా?"

"కోడిపెట్టను తీస్కపో అవ్వా."

"అది మనదా? పెంచనీకె ఇచ్చిన కోడి. మందిది దేవునికి ఇస్తర్రా?"

రెండు రోజులు ఆలోచించింది. మూడోరోజు పొద్దున కలుపు కొడవలి చంకన పెట్టుకుని నాతో అంది. "గునుగు ఎవ్వలన్న విత్తిండ్రా? తంగేడుకు ఎవ్వలన్న నీళ్లు పెట్టిండ్రా? పటేలు కూడ నాది అనడు. దేవుడు పెంచిందే గద. దేవునిది దేవునికి ఇస్త."

నేను చాలా ప్రసంగాలు విన్నాను. కోత పండుగ గురించి ఇంతకన్నా సరైన మాట చెప్పినవాళ్లను చూడలేదు.

అప్పటికి గునుగు పూలు ముదిరిపోతున్నాయి. తంగేడు అక్కడొక కొమ్మ, ఇక్కడొక కొమ్మ. లింగంపేట తోవలో చాలా దూరం నడిచి, చేన్ల గట్లన్నీ తిరిగి ఒడి నింపుకుని వచ్చింది. శనివారం పగలంతా వాకిట్లో కూర్చుంది. గంజి వంచే సిబ్బి తిరగేసి, మీద మోదుగ ఆకులు పరిచి, ఒక వరుస తంగేడు, ఒక వరుస గునుగు, మళ్లీ తంగేడు, మళ్లీ గునుగు. గునుగుకు రంగు అద్దలేదు, తెల్లగానే ఉంచింది. వరుస వరుసకూ చుట్టు తగ్గుతూ పైకి లేచింది. బతుకమ్మకైతే ఆ కొసన పసుపుతో చేసిన గౌరమ్మను పెడతారు. అవ్వ అక్కడ మక్క కంకి నిలబెట్టింది. తాను కోతకు పోయిన చేనులో, కోత అయ్యాక పరిగె ఏరుకున్న కంకి.

పూలను గంపలో పోసుకుని పోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. తర్వాత అయ్యగారూ అదే అడిగాడు. దేవుడి ముందుకు పూలు తీసుకుపోవడం అంటే ఆ చేతులకు తెలిసింది ఒకటే పద్ధతి. గంపలో పోసేవి పశువుల మేతకు పోసే ఆకు అలములు. దేవుడికి పోసుకుపోరు, పేర్చుకుని పోతారు.

ఆ మాటే కొంప ముంచింది.

ఆదివారం గుడిలో బల్ల ముందు జొన్న కంకులు, సొరకాయలు, కాళ్లు కట్టిన కోళ్లు, ఒక మేకపిల్ల. అవ్వ తలమీద సిబ్బి పెట్టుకుని గుమ్మంలోంచి వచ్చింది. ఆడవాళ్ల వరుసలో ఒకామె కిసుక్కున నవ్వింది.

"ఓసి, వాగుకు పోయే తొవ్వ మర్సి గిటొచ్చినవా?"

అందరూ నవ్వారు. అవ్వ కూడా కొంచెం నవ్వింది. అయ్యగారు నవ్వలేదు.

"ఏందమ్మా ఇది?"

"పూలు అయ్యగారూ."

"పూలని నాకు కూడ కానొస్తున్నది. ఏం చేసి తెచ్చినవ్?"

"పేర్చి తెచ్చిన."

నవ్వులు ఆగిపోయాయి. మా ప్రాంతంలో పుట్టినవాళ్లకు చెప్పనక్కరలేదు. పూలను గుచ్చుతాం, కడతాం, చల్లుతాం. పేర్చేది మాత్రం బతుకమ్మనే. అవ్వకు వేరే మాట దొరకలేదు, ఎందుకంటే ఆమె చేసిన పనికి వేరే మాట లేదు. అయ్యగారికి ఆ ఒక్క మాట చాలింది.

"బతుకమ్మను పేర్చి దేవుని మందిరంలకు తెస్తవా?"

"బతుకమ్మ కాదు అయ్యగారూ. గౌరమ్మను పెట్టలే. సూడుండ్రి, కంకి పెట్టిన."

ఆయన చూడలేదు. సంఘపెద్ద వైపు తిరిగి బయటికి తీసుకుపొమ్మన్నాడు. సంఘపెద్ద మా వాడ మనిషే, తాపీ మేస్త్రి, నాకు వరుసకు అన్న. సిబ్బి తీసుకుపోయి గోడ వెనక బోర్లించి, ఖాళీ సిబ్బి తెచ్చి అవ్వ చేతిలో పెట్టాడు. ఆరాధన అయ్యేదాకా అవ్వ ఆ ఖాళీ సిబ్బిని ఒళ్లో పట్టుకుని కూర్చుంది. కోళ్లు అరుస్తున్నాయి, మేకపిల్ల బల్ల కింద పాడు చేసింది. దాన్ని ఎవరూ బయటికి పంపలేదు.

ఆ మరుసటి నెలలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారం ఉంది. అంతకుముందే అవ్వను పిలిపించి, అందరి ముందూ నిలబడి తప్పయిందని చెప్పాలన్నారు. ఆ మాట చెబితే అయిపోయేది. మా వాడలో అందరూ చెప్పమనే అన్నారు. నేను కూడా అన్నాను. ఆ సంగతి దాచను, నాకు ఇప్పటికీ సిగ్గే. అవ్వ ఆదివారం నాడు లేచి నిలబడింది.

"పూలు పేర్చుడు తప్పని నాకు తెల్వదు అయ్యగారూ. తెల్వని తప్పు ఎట్ల ఒప్పుకోవాలె? అబద్ధమాడితే గది తప్పు కాదా?"

రొట్టె ఆమెకు ఇవ్వలేదు. అక్కడ మొదలైంది.

కొన్నాళ్లకు సంఘం రిజిస్టరును కామారెడ్డికి వచ్చే మిషను పెద్ద దొరకు చూపించాలని నా బండిలో పెట్టారు. బట్టలో చుట్టిన పెద్ద పుస్తకం. విప్పవద్దని నాతో ఎవరూ అనలేదు. తాడ్వాయి దాటాక ఎడ్లు వాటంతట అవే పోతుంటే విప్పి చూశాను. అవ్వ పేరు దొరికింది. పేరుకు ఎదురుగా ఎర్ర సిరాతో రెండు మాటలు రాసి ఉన్నాయి. "విగ్రహారాధన. ఆపబడినది." అంటే ఆమెకు రొట్టె ఆపేశారని.

తిరిగి వచ్చాక అవ్వకు చెప్పాను. ఆమె పొయ్యి ఊదుతోంది. గొట్టం కింద పెట్టి అడిగింది.

"విగ్రహమా? ఏ విగ్రహం?"

"గట్ల రాసిండ్రు."

"అండ్ల విగ్రహం యాడుందిరా? ఆకులు, పూలు, కంకి. ఇగ కంకినే విగ్రహమన్నడా?"

"అవ్వా, నాకేం తెలుసు."

"సదువుకున్నవ్ గద. తెల్సుకో."

తెలుసుకున్నాను. ఎలా తెలిసిందో ఇప్పుడు చెబుతాను. కమిటీ వారికి కిట్టనిది ఇదే.

డిసెంబరులో దొరసానమ్మ పండుగ చెట్టు నిలబెట్టేది. వాళ్ల దేశంలో సూదుల్లాంటి ఆకుల చెట్టు ఉంటుందట, అది ఇక్కడ దొరకదు. దానికి దగ్గరగా కనబడేది సర్వి చెట్టు, కొందరు సరుగుడు అంటారు. కామారెడ్డి స్టేషను దగ్గర రైలు వాళ్లు నాటిన సర్వి చెట్లు ఉండేవి. ప్రతి ఏడూ స్టేషను మాస్టరును అడిగి ఒక మంచి కొమ్మ కొట్టించి, తడిబట్ట చుట్టి, నా బండిలో ఎల్లారెడ్డికి తెచ్చేవాళ్లం. ఆ ఏడు దొరసానమ్మ కూడా బండిలోనే వచ్చింది. ఆమె ముందు కూర్చుంది, కొమ్మ వెనక పడుకుంది, నేను నొగల మీద.

ఆమె మా భాషను పుస్తకంలో నేర్చుకుంది కాబట్టి పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడేది. నేను అడిగాను.

"అమ్మగారూ, గీ చెట్టు వాక్యంల యాడున్నది?"

"ఎక్కడను లేదు" అంది. ఆ మాట చెప్పడానికి ఒక్క క్షణం కూడా ఆగలేదు. మంచి మనిషి. అబద్ధం రాదు.

"మరి యాడికెల్లి వచ్చింది?"

"మా దేశములందు పూర్వము జనులు చెట్లను పూజించుచుండిరి. చలికాలములో అన్ని చెట్లును ఆకులు రాల్చును, ఇది మాత్రము పచ్చగా నుండును. కావున దానిని ఇండ్లలోనికి తెచ్చుచుండిరి. పిమ్మట వారు క్రైస్తవులైరి."

"చెట్టును ఇడిసిపెట్టలేదా?"

"లేదు. చెట్టు నిలిచిపోయెను."

ఎడ్లను ఆపేశాను. నేను ఆపానో, అవే ఆగాయో. ఆమె ఏమైందని అడిగింది. ఏమీ లేదని మళ్లీ తోలాను. కాసేపటికి ఇంకోటి అడిగాను.

"పండుగ తారీకన్న ఉన్నదా అమ్మగారూ, వాక్యంల?"

ఆమె నవ్వింది. "అదియు లేదు. ప్రభువు పుట్టిన దినము ఎవ్వరికిని తెలియదు. రోము పట్టణములో ఆ దినము సూర్యుని పండుగ అని పండితులు కొందరు అనెదరు. మా భాషలో పునరుత్థాన పండుగకున్న ఈస్టరు అను పేరు కూడ పూర్వపు దేవత పేరే అనెదరు."

ఆ చివరి మాటకు నా చేతిలోని ముల్లుకర్ర జారి కిందపడింది. దిగి తెచ్చుకున్నాను. బతుకమ్మ పేరు గుడి గోడల మధ్య పలకకూడదు. వాళ్లేమో ఏకంగా దేవత పేరే పండుగకు పెట్టుకున్నారు!

"మరి మా అవ్వ పేరు పక్కకు ఆ మాట ఎందుకు రాసిండ్రు అమ్మగారూ?"

ఆమెకు సంగతి తెలుసు. కోత పండుగ రోజు మూడో వరుసలో కూర్చుని అంతా చూసింది. వెనక్కి తిరిగి కొమ్మకు చుట్టిన తడిబట్ట సర్దింది. లింగంపేట ఇండ్లు కనబడుతుండగా అంది. "అది సంఘపు పెద్దల పని. నేను స్త్రీని, వైద్యము చేయుదానను. అయినను పెద్ద దొరగారికి వ్రాసెదను."

రాసిందో లేదో నాకు తెలియదు. యుద్ధం వచ్చాక ఆమె వాళ్ల దేశం వెళ్లిపోయింది. వెళ్లే ముందు అవ్వ కాలి పుండుకు కట్టు కట్టి, కట్టు గుడ్డలు ఇంకా కొన్ని ఇచ్చి వెళ్లింది. ఆ మేలు మరచిపోను. రాస్తానన్న ఉత్తరం సంగతీ మరచిపోను.

ఆ క్రిస్మసుకు సర్వి కొమ్మను బల్ల పక్కనే నిలబెట్టారు. అవ్వ సిబ్బి పెట్టబోయింది సరిగ్గా ఆ చోటే. రంగు కాగితాలు అంటించి, వాళ్ల దేశపు మంచు అని అక్కడక్కడ దూది అతికించారు. మా వాడలో మంచు చూసినవాళ్లు లేరు. అవ్వ వెనక వరుసలోంచి చూసి నా చెవిలో అడిగింది.

"దూది ఎందుకు పెట్టిండ్రురా? దెబ్బ తాకిందా చెట్టుకు?"

నేను నవ్వలేకపోయాను. దొరసానమ్మ చెప్పిందంతా చెప్పాను. అవ్వ కొమ్మను కింది నుంచి పైదాకా చూసింది.

"గట్లనా. మంచిగనే ఉన్నది" అంది. అంతే. ఆమెకు చెట్టు మీద కోపం లేదు. కోపం అంతా నాకే మిగిలింది. ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

రొట్టె పంచే వేళ అవ్వ లేచి బయటికి పోవాలి. అది వాళ్లు పెట్టిన నియమం. ఆ రోజు ఆమెతో పాటు నేనూ లేచాను. అయ్యగారు ఎదురొచ్చి నా చేతికి రొట్టె ఇవ్వబోతుంటే, "మా అవ్వకు ఇచ్చినంక తీసుకుంట" అని బయటికి నడిచాను. అప్పటి నుంచి ఇప్పటిదాకా తీసుకోలేదు. నన్ను ఎవరూ ఆపలేదు. నన్ను నేనే ఆపుకున్నాను. ఇది రిజిస్టరులో లేదు, రాసుకోండి.

కొత్త సంవత్సరం రాగానే పెద్దల కూటానికి పోయి అడిగాను. అయ్యగారు, సంఘపెద్ద, ఇంకా ముగ్గురు. నేను నిలబడే మాట్లాడాను, ఎవరూ కూర్చోమనలేదు.

"వాళ్ల అవ్వలు చెట్టును మొక్కిండ్రు. దానికి బాప్తిస్మం దొరికింది. మా అవ్వ పూలకెందుకు దొరకదు?"

సంఘపెద్ద నుదురు కొట్టుకున్నాడు. "అరె, దొరలతోని మనకు పోటీనారా? బండి తోలెటోనికి గిన్ని లా పాయింట్లు యాడ దొరికినయ్?"

"బండిలనే దొరికినయ్ అన్నా. దొరసానమ్మ చెప్పింది. పిలిచి అడుగుండ్రి."

పిలవలేదు. అయ్యగారు మాత్రం అందరిలా తిట్టలేదు. న్యాయంగా చెప్పాలి, ఆయన ఒక్కడే నాకు జవాబులాంటిది ఒకటి ఇచ్చాడు.

"ఇగో, ఇను. నువ్వు చెప్పింది అబద్ధమని నేననను. కాని వాళ్ల చెట్టు దేవత చచ్చి వెయ్యేండ్లయింది. ఎవ్వలకు పేరు కూడ యాదికి లేదు. గా కొమ్మను చూసి దేవుణ్ణి ఇడిసి పోయెటోడు ఎవ్వడు లేడు. ఇక్కడ గట్ల కాదు. వాగు కాడ ఇంక పాడుతనే ఉన్నరు. ఇయ్యాల పూలు, రేపు పసుపు, ఎల్లుండి పోచమ్మకు యాటపోతు. మా సొంత పెదబాపు ఇల్లు గట్లనే మల్లింది. నా కండ్లతోని చూసిన."

ఆయన గొంతు అప్పుడు వేరుగా ఉంది. తన ఇంటి సంగతి చెబుతున్నాడని నాకు అర్థమైంది. అయినా నేను వదల్లేదు.

"అంటే సచ్చినంక పవిత్రమైతదా? మా ఆడోళ్లందరు పాటలు మర్సిపోయినంక పూలు తెస్తె తీసుకుంటరా? మా అవ్వ వెయ్యేండ్లు ఆగాల్నా?"

"అది ఆచారం, ఇది ఆరాధన" అన్నాడు.

"ఏది ఆచారమో ఏది ఆరాధనో చెప్పేది ఎవ్వలు? గుండెల ఏమున్నదో అడిగిండ్రా ఆమెను? కంకి ఎందుకు పెట్టినవని ఒక్కలన్న అడిగిండ్రా?"

కూటం ముగించి ప్రార్థన చేశారు. నేను కళ్లు మూసుకోలేదు.

మరుసటి డిసెంబరులో చెట్టు తేవడానికి కామారెడ్డి పొమ్మంటే పోనన్నాను. మందుల పెట్టెలు తెస్తాను, పుస్తకాలు తెస్తాను, చెట్టు తేను అన్నాను. వారం తిరగకుండా బండి ఇంకొకరి చేతికి పోయింది. తర్వాత నేను స్టేషనులో మూటలు మోశాను, రాళ్లు కొట్టాను, ఏవేవో చేశాను. అది చెప్పుకోవడానికి ఈ కథ ఎత్తలేదు. బండి నాది కాదు, వాళ్లది, తీసుకున్నారు. అవ్వ పేరు వాళ్లది కాదు.

అవ్వ ప్రతి ఆదివారం గుడికి పోయింది. ఇది కొందరికి అర్థం కాలేదు. ఇంత అయ్యాక ఎందుకు పోతావని అడిగితే, "గుడి ఆయనదారా? దేవునిది" అనేది. చివరి వరుసలో కూర్చునేది, పాటలన్నీ పాడేది. ఒకప్పుడు వాగు దగ్గర పాట ఎత్తిన గొంతు. ఆ గొంతు లేవగానే ముందు వరుసల వాళ్లు శ్రుతి సరిచేసుకునేవారు. అది మాత్రం తీసుకున్నారు. రొట్టె వేళకు లేచి బయటికి వచ్చి గోడ నీడలో నిలబడేది. నేను పక్కన నిలబడేవాడిని. ఎండలు ముదిరిన రోజుల్లో, "నువ్వన్న లోపటికి పోరా" అనేది. పోలేదు.

యుద్ధం సాగుతుండగా, గాసునూనె దొరకని రోజుల్లో, అవ్వ మంచాన పడింది. మధ్యాహ్నం పూట సంఘపెద్ద వచ్చాడు. అప్పటికి ఆయన కూడా ముసలివాడయ్యాడు. మంచం పక్కన కూర్చుని ఆమె చేయి పట్టుకున్నాడు.

"చిన్నమ్మా, ఒక్క మాట అను. తప్పయిందను. అయ్యగారు బయటనే ఉన్నడు, రొట్టె తెచ్చిండు. నేను చెప్పి తోల్కొచ్చిన."

నేను గుమ్మంలోంచి చూశాను. నిజమే. అయ్యగారు వాకిట్లో నిలబడి ఉన్నాడు, చేతిలో తెల్లబట్ట కప్పిన పళ్లెం.

అవ్వ అడిగింది. "ఏం తప్పు నాయినా?"

"గదే, ఆనాటి పూలు."

"గునుగుదా, తంగేడుదా?"

సంఘపెద్ద ఆమె మీది దుప్పటి సర్దాడు. అవ్వ కళ్లు మూసుకుని మళ్లీ తెరిచింది. "ఆయనకు మక్క కంకి అవుపడలేదు. గదొక్కటే నా బాధ. గది చెప్పు ఆయనకు" అంది.

ఆయన బయటికి పోయి చెప్పాడు. అయ్యగారు పళ్లెం మీది బట్ట సవరించాడు. ఒక అడుగు లోపలికి వేసినట్టే వేశాడు. తర్వాత పళ్లెం పట్టుకుని వెనక్కి తిరిగాడు. ఆయన ఆ గడప దాటి ఉంటే నేను ఈ కాగితాలు రాయాల్సిన పని లేదు. ఇంకెవరైనా అయితే, నియమం ఆయనను ఆపిందని రాస్తారు. ఎర్ర సిరా ఆపిందని నేను రాస్తాను. ఒకసారి రాసినదాన్ని కొట్టేయాలంటే ముందు రాసినవాడు తప్పయిందని ఒప్పుకోవాలి. ఆ మాట అవ్వ నోట కావాలన్నారు, తమ నోట రాదు.

అవ్వ రెండు రోజులకు పోయింది. సమాధుల దొడ్డిలోనే పెట్టనిచ్చారు, కాదనను. కానీ అయ్యగారు రాలేదు. సంఘపెద్ద ప్రార్థన చదివాడు, మధ్యలో రెండుసార్లు ఆగిపోయాడు. మేస్త్రి కాబట్టి గోరీ తనే కట్టాడు, ఒక్క ఇటుక వంకర లేకుండా.

ఇప్పుడు కమిటీ వారికి.

ఆ రిజిస్టరు కాలిపోలేదు, చెదలు తినలేదు. గుడి బీరువాలో కింది అరలో ఉంది. అయ్యగార్లు మారినప్పుడల్లా బీరువా తుడిచే ఆవిడను అడిగి తెలుసుకుంటూనే ఉన్నాను. మీ పుస్తకంలో గుడి ఎప్పుడు కట్టారో, గంట ఎవరిచ్చారో రాస్తారు. మొదటి పండుగ చెట్టు ఫోటో కూడా వేస్తారని విన్నాను. వేయండి. ఆ కొమ్మను తెచ్చింది నేనే. అయితే ఫోటో కింద అది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా రాయండి. కామారెడ్డి స్టేషను నుంచి అని కాదు, అంతకు ముందు ఎక్కడి నుంచో. అది రాశాక, అదే పుటలో మా అవ్వ సిబ్బి సంగతి రాయండి. ఆ రెండూ పక్కపక్కన పెట్టి, ఒకదానికి విగ్రహారాధన అనే మాట ఎందుకు వచ్చిందో, రెండోదానికి ఎందుకు రాలేదో చదివేవాళ్లకు చెప్పండి.

చెప్పలేకపోతే బీరువా తెరవండి. ఆ ఎర్ర సిరాను గీత కొట్టి, పక్కన ఇప్పటి అయ్యగారు సంతకం పెట్టాలి. గీత కొట్టడం కుదరదంటే, ఈ డిసెంబరులో గుడిలో నిలబెట్టే చెట్టుకు అదే మాట అట్ట మీద రాసి కట్టండి. రెండూ కుదరవంటే ఎందుకు కుదరవో నాకు చెప్పండి. ప్రార్థన చేస్తామనవద్దు, ప్రార్థన నాకూ వచ్చు. పోయినవాళ్ల సంగతి అనవద్దు. మీరు రాస్తున్న పుస్తకం అంతా పోయినవాళ్ల సంగతే. నోటి మాట కూడా వద్దు. కాగితం మీద రాసి, కింద పేరు పెట్టి ఇవ్వండి. మా అవ్వను అడిగినదానికి ఆమె అందరి ముందూ నిలబడి జవాబు చెప్పింది. నేను అడిగినదానికి మీలో ఎవరు జవాబు చెబుతారు?